నేలకెక్కిన ఓడే నిలిచింది

పుదుచ్చేరి తీరం కథ – 18వ భాగం

గత భాగాన్ని 1761 జనవరి 1 తుపాను దగ్గర ఆపాం. పుదుచ్చేరిని సముద్రం వైపు నుంచి దిగ్బంధించిన ఇంగ్లీషు నౌకల్లో సండర్లాండ్, డ్యూక్ దక్వితేన్ వందలాది మందితో సహా మునిగిపోయాయి. న్యూకాజిల్, క్వీన్‌బరో, ప్రొటెక్టర్ ఊరికి దక్షిణంగా ఒడ్డుకు కొట్టుకొచ్చి పగిలాయి. అంత దెబ్బ తిన్నా ఇంగ్లీషు వాళ్లు పట్టు వదల్లేదు. రెండు వారాలు తిరిగేసరికి కోట వాళ్ల చేతికి చిక్కింది.

ఆ రోజుల్లో ఓడ ముసలిదైతే ఏం చేయాలన్న చర్చే లేదు. పనికొచ్చే కలప ఊడదీసి ఇంకో పనికి వాడుకునేవారు. లేదంటే రేవులో కట్టేసి ఖైదీలను అందులో కుక్కేవారు. 1783 జూన్ 20న కడలూరు ఎదుట ఫ్రెంచి నౌకా సేనాని సఫ్రెన్ 15 నౌకలతో 18 నౌకల ఇంగ్లీషు బలాన్ని ఎదుర్కొని వెనక్కి పంపాడు. అంతకుముందు ఈ తీరం వెంబడి అతను చేసిన పోరాటాల్లో అతని జెండా మోసిన ఎరో అనే నౌక పదేళ్లకు తూలోన్ రేవులో మంటల పాలైంది. మన సముద్రంలో పోరాడిన ఆ తరం నౌకల్లో ఒక్కటీ ఈనాటికి మిగల్లేదు.

ఈ భాగంలో మాట్లాడుకోబోయే ఓడ పేరు కూడా కడలూరే.

ఐఎన్‌ఎస్ కడలూర్ సోవియట్ యూనియన్‌లో తయారైన మైన్‌స్వీపర్. శత్రువు సముద్రంలో వదిలిన మందుపాతరలను వెతికి, తొలగించి, వెనక వచ్చే ఓడలకు దారి చేయడం దాని పని. యుద్ధం వస్తే అందరికంటే ముందు అపాయంలోకి వెళ్లే ఓడ అది, పేరు మాత్రం ఎక్కడా వినపడదు. మన నౌకాదళం 1970ల చివరి నుంచి 1980ల చివరి దాకా ఈ తరహావి 12 తెప్పించుకుంది. మొదటిదాని పేరే పాండిచ్చేరి. తర్వాతి వాటికి పోర్‌బందర్, భావ్‌నగర్, అలెప్పీ, రత్నగిరి, కార్వార్, కడలూర్, కాకినాడ, కోళికోడ్ వంటి తీరప్రాంతాల పేర్లు పెట్టారు. యానాం నుంచి మెడికల్ కాలేజీ చదువుకో, సర్కారు పనికో పుదుచ్చేరిలోని కదిర్కామం వచ్చే మనవాళ్లకు ఈ జాబితాలో రెండు పేర్లు సొంతవే: బయల్దేరేటప్పుడు దాటే కాకినాడ, వచ్చి దిగే పాండిచ్చేరి. కడలూర్ 2018 మార్చిలో విశాఖపట్నంలో విధుల నుంచి తప్పుకుంది. 2019 ఏప్రిల్‌లో కోళికోడ్ కూడా వెళ్లిపోవడంతో ఆ 12లో ఒక్కటీ నౌకాదళంలో లేకుండా పోయింది.

ఆ 2018లోనే పుదుచ్చేరిలో ఒక ఆలోచన బయటికొచ్చింది. కడలూర్‌ను తుక్కుకు అమ్మకుండా ఇక్కడికి తెచ్చి, తీరానికి సుమారు 7 కిలోమీటర్ల దూరంలో, 26 మీటర్ల లోతున ముంచి, నీటి అడుగున మ్యూజియం చేయాలని. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం, పుదుచ్చేరి ప్రభుత్వం, నౌకాదళం కలిసి నడపాల్సిన పని అది. దేశంలో ఇదే మొదటిదవుతుందని పత్రికలన్నీ రాశాయి. ఆ పని ముందుకు సాగక, ఆ మొదటి స్థానం ఇప్పుడు మహారాష్ట్ర వైపు జరిగింది. పోలండ్‌లో తయారై, 2024 జనవరిలో విరమించిన ఐఎన్‌ఎస్ గుల్దార్‌ను 2025 ఫిబ్రవరిలో మహారాష్ట్ర పర్యాటక శాఖకు అప్పగించారు. దాన్ని సింధుదుర్గ్ తీరంలో ముంచి ఇలాంటి మ్యూజియమే చేయాలన్నది సంకల్పం.

నీట ముంచిన ఓడ మీద నాచు పడుతుంది, పగడపు జీవులు చేరతాయి, చేపలు గూడు కట్టుకుంటాయి. ఇది నిజం. అమెరికాలో ఒరిస్కనీ అనే పెద్ద విమానవాహక నౌకను 2006 మేలో ఫ్లోరిడా తీరంలో ఇందుకోసమే ముంచారు. అయినా కడలూర్ ఆలోచన నాకు మొదటి నుంచీ మింగుడు పడలేదు. డైవింగ్ కొత్తగా నేర్చుకున్నవాళ్లకు మామూలుగా 18 మీటర్ల వరకే అనుమతి. 26 మీటర్లకు దిగాలంటే ఆపైన ఇంకో శిక్షణ కావాలి. దానికయ్యే ఖర్చు, సమయం కదిర్కామంలో ఎన్ని ఇళ్లకు అందుబాటులో ఉంటాయి? ఆదివారం సాయంత్రం పిల్లల్ని తీసుకుని నాలుగైదు కిలోమీటర్లు వచ్చి గుబేర్ అవెన్యూలో నడిచే కుటుంబం ఆ ఓడను ఎప్పటికీ చూడలేదు. చేపల కోసం కృత్రిమ దిబ్బ కావాలంటే కట్టుకోవచ్చు, మంచిదే. దానికి మ్యూజియం అని పేరు పెట్టకూడదు.

మ్యూజియం ఎలా ఉండాలో తెలియాలంటే విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లాలి.

ఐఎన్‌ఎస్ కుర్సురా 1969 డిసెంబర్‌లో సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నౌకాదళంలో చేరింది. మన దేశపు మొదటి తరం జలాంతర్గాముల్లో అది ఒకటి. పొడవు 91 మీటర్ల పైన. 1971 యుద్ధకాలంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 31 ఏళ్లలో 73,500 నాటికల్ మైళ్లు ప్రయాణించి, 2001 ఫిబ్రవరి 27న విరమించింది. అప్పటికి దాని ముందున్న దారి అన్ని ముసలి ఓడలకూ ఉన్నదే: గ్యాస్ కట్టర్, తుక్కు, కొలిమి. కాని విశాఖలో నౌకాదళ అధికారులు, పట్టణాభివృద్ధి సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి వేరే దారి ఎంచుకున్నాయి. దాన్ని ఒడ్డు దగ్గరికి లాక్కొచ్చి, ఇసుక మీదుగా పైకి ఈడ్చి, కాంక్రీటు దిమ్మెల మీద కూర్చోబెట్టారు. దాదాపు 2,000 టన్నుల ఉక్కును అలల మధ్య నుంచి 600 మీటర్లు జరపడం మాటలా? విరమణ నుంచి ప్రారంభోత్సవం దాకా 18 నెలలు పట్టింది, సుమారు 5.5 కోట్ల రూపాయలు ఖర్చయింది. 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు జాతికి అంకితం చేశారు. అదే నెల 24 నుంచి జనాన్ని లోపలికి అనుమతించారు.

లోపలికి వెళ్తే మొదట తట్టేది ఇరుకు. 75 మంది రోజుల తరబడి ఆ గొట్టంలో బతికారు. టార్పెడోల పక్కనే పడకలు, వాటి పక్కనే వంటగది. ఒక్కో గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతలోంచి వంగి దాటాలి. చూపించి చెప్పేవాళ్లు చాలావరకు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. ఏ వాల్వు ఎందుకో, నీట మునిగేటప్పుడు ఏ చప్పుడు వినపడుతుందో వాళ్లు చెబుతుంటే, పదేళ్ల పిల్లవాడికి ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేనంత యుద్ధం అర్థమవుతుంది. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి బడి బస్సుల్లో వచ్చే పిల్లలకు ఇంత దగ్గరగా ఒక జలాంతర్గామిని చూసే అవకాశం ఇంకెక్కడ ఉంది?

విరమించిన ఓడే అయినా నౌకాదళ దినోత్సవాన కుర్సురాకు ఈనాటికీ జెండాల అలంకరణ గౌరవం దక్కుతుంది. నేలకెక్కినంత మాత్రాన తుప్పు వదల్లేదు. అయిదేళ్లకే అడుగు రేకులను తినేసింది. 2007లో వాటి స్థానంలో కొత్త రేకులు వెల్డింగ్ చేశారు. ఇల్లు కట్టడం ఒక ఖర్చు, ఏటా సున్నం కొట్టించడం ఇంకో ఖర్చు. విశాఖ ఆ రెండో ఖర్చుకు కూడా ఒక సంస్థను బాధ్యురాలిని చేసింది, టికెట్ల రాబడిని అందుకు వాడింది. 2017 డిసెంబర్‌లో టీయూ-142 విమానాన్ని కూడా ఎదురుగానే నిలబెట్టి, ఒకటి చూడటానికి వచ్చినవాళ్లు రెండోదీ చూసేలా చేసింది.

విశాఖకు కుర్సురా మీద ఇంత ప్రేమ ఉండటానికి ఇంకో కారణం కూడా ఉందని నా నమ్మకం. 1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు బయటే మునిగిపోయింది. అది వెతుకుతూ వచ్చింది విమానవాహక నౌక విక్రాంత్‌ను. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. డిసెంబర్ 4 నుంచి దాని విమానాలు కాక్స్‌బజార్, చిట్టగాంగ్ రేవుల మీద విరుచుకుపడ్డాయి.

ఆ విక్రాంత్ చివరికి ఏమైందో చూడండి. 1945లో ఇంగ్లండ్‌లో నీళ్లలోకి దిగి, సగంలో ఆగిపోయిన ఓడను 1957లో మన దేశం కొని, బెల్‌ఫాస్ట్‌లో పూర్తి చేయించుకుని, 1961 మార్చి 4న నౌకాదళంలో చేర్చుకుంది. 1997 జనవరి 31న విరమించాక ముంబైలో మ్యూజియంగా కొన్నాళ్లు నడిచింది. నీళ్లలో కట్టేసే నడిచింది. దాని కోసం శాశ్వతమైన చోటు, నడిపే భాగస్వామి, డబ్బు దొరకలేదు. ఏటేటా అడుగు పలచబడింది, 2012లో భద్రత లేదని జనాన్ని ఆపేశారు. తర్వాత సుమారు 60 కోట్ల రూపాయలకు వేలంలో పోయింది. కాపాడాలని వేసిన పిటిషన్లు హైకోర్టులోనూ, 2014లో సుప్రీంకోర్టులోనూ నిలవలేదు. ఆ ఏడాది చివర్లో ముంబైలోనే కోత మొదలైంది. ఉక్కులో కొంత కరిగి 2016లో బజాజ్ వి మోటార్‌సైకిళ్లలోకి వెళ్లింది. బంగ్లాదేశ్ పుట్టుకలో పాలుపంచుకున్న ఓడను మనం ఇలా పోగొట్టుకున్నామంటే నాకు ఇప్పటికీ బాధే.

విరాట్ కథలో తెలుగువాళ్ల పాత్ర ఎక్కువ. 1959లో బ్రిటిష్ నౌకాదళంలో హెర్మిస్‌గా చేరి, 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో ముందుండి నడిపించి, 1987 మేలో మన చేతికి వచ్చిన నౌక అది. 2017 మార్చి 6న విరమించింది. దాన్ని విశాఖకు తెచ్చి పర్యాటక కేంద్రం చేస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముందుకొచ్చింది. అంచనా ఖర్చు సుమారు వెయ్యి కోట్లు. కేంద్రం కూడా భాగం పంచుకోవాలని అడిగింది, అక్కడే పీట ముడి పడింది. తర్వాత మహారాష్ట్ర 852 కోట్ల పథకం ప్రకటించింది, అదీ కాగితం దాటలేదు. సొంత డబ్బుతో పూర్తి ప్రణాళిక ఏ రాష్ట్రం నుంచీ రాలేదని కేంద్రం 2019లో పార్లమెంటులో చెప్పేసింది. 2020లో 38.54 కోట్లకు వేలం. సెప్టెంబర్ 28న విరాట్ గుజరాత్‌లోని అలంగ్ తీరానికి చేరింది. ఒక సంస్థ దాన్ని కొని కాపాడతానంటే 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కోత ఆపమంది. ఏప్రిల్‌కి విచారణకు వచ్చేసరికి దాదాపు 40 శాతం కోసేశారు. కోర్టు ఇక చేసేదేమీ లేదంది.

ఇంత దూరం పోనక్కర్లేదు, మన ఈసీఆర్ రోడ్డు మీదే ఒక ఉదాహరణ ఉంది. 2010 డిసెంబర్‌లో విరమించిన జలాంతర్గామి వాగ్లీని మామల్లపురంలో మ్యూజియం చేస్తామని తమిళనాడు తీసుకుంది. అది చెన్నై రేవులోనే ఏళ్ల తరబడి ఉండిపోయింది. రేవు అద్దె పెరిగింది, మ్యూజియం రాలేదు. కుర్సురా, వాగ్లీ ఒకే కుటుంబానికి చెందిన జలాంతర్గాములు. ఒకటి 18 నెలల్లో ఇసుక మీదికి చేరింది, ఒకటి నీళ్లలోనే ముసలిదై పోయింది.

బయటి ప్రపంచంలో కూడా నాకు ఇదే కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో నెల్సన్ నౌక విక్టరీని 1922లో నీళ్లలోంచి తీసి డ్రై డాక్‌లో పెట్టారు. 1905లో రష్యాను ఓడించిన జపాన్ నౌక మికాసా 1926 నుంచి యోకొసుకాలో కాంక్రీటు మధ్య నిలిచి ఉంది. నీళ్లలో తేలుతూ బాగున్నవి లేవని కాదు. లండన్ థేమ్స్ నదిలో బెల్‌ఫాస్ట్ 1971 నుంచి ఉంది, దాని వెనక ఇంపీరియల్ వార్ మ్యూజియం వంటి పెద్ద సంస్థ ఉంది. అమెరికాలో 1948లోనే మ్యూజియం అయిన టెక్సాస్ నౌక అడుగు చిల్లులు పడి, రాష్ట్రం 3.5 కోట్ల డాలర్లు ఇచ్చాక 2022లో మరమ్మతుకు డాక్‌లోకి చేరింది. అంత డబ్బున్న దేశానికే అది అంత బరువైంది.

పుదుచ్చేరి వాళ్లం కాబట్టి ఫ్రెంచి వాళ్ల సంగతి తప్పకుండా చెప్పుకోవాలి. మన ఊరిని ఈ రూపంలో పుట్టించిన ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ 1664లో కొల్‌బేర్ అనే మంత్రి చేతుల మీదుగా మొదలైంది. అతని పేరు పెట్టిన క్రూయిజర్ 1993 నుంచి 2006 దాకా బోర్దో నగరంలో మ్యూజియంగా ఉండేది. ఖర్చు తట్టుకోలేక మూసేశారు, లాక్కెళ్లి ఏళ్ల పాటు ఒక మూల కట్టేశారు, చివరికి బోర్దో పక్కనే ఉన్న బాసెన్స్‌లో ముక్కలు చేశారు.

దానికంటే పెద్ద గొడవ క్లెమాన్సోది. ఆ విమానవాహక నౌకను కోతకు అలంగ్ పంపాలని 2005 డిసెంబర్ 31న తూలోన్ నుంచి బయల్దేరదీశారు. లోపల ఆస్బెస్టాస్ ఉందని, దాన్ని మన కూలీల ఊపిరితిత్తుల్లోకి పంపడం అన్యాయమని ఇక్కడా అక్కడా నిరసన లేచింది. విషయం మన సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 2006 ఫిబ్రవరిలో అధ్యక్షుడు షిరాక్ నౌకను వెనక్కి పిలిపించాడు. 2009లో అది ఇంగ్లండ్‌లోని హార్ట్‌లిపూల్ చేరింది, అక్కడ విప్పదీశారు.

అదే హార్ట్‌లిపూల్‌లో ఇంకో ఓడ ఉంది. ట్రింకోమలీ అనే ఆ ఫ్రిగేట్‌ను 1817లో బొంబాయిలో, వాడియా కుటుంబం చేతుల మీదుగా, టేకుతో కట్టారు. సఫ్రెన్ ఒకప్పుడు పట్టుకున్న లంక రేవు పేరు అది. 1987లో హార్ట్‌లిపూల్‌కు తెచ్చి, పదేళ్లకు పైగా బాగుచేసి, ఇప్పుడు మ్యూజియంగా చూపిస్తున్నారు. మన వడ్రంగుల చేతిపని అక్కడ రెండు వందల ఏళ్లు దాటి నిలిచింది. అక్కడికి వెళ్లే తెలుగు పిల్లలకు తల్లిదండ్రులు ఈ ఒక్క ఓడైనా చూపించాలి.

తుక్కు చేయాలనే వాళ్ల మాట నేను కొట్టిపారేయను. ఉక్కు కరిగితే మళ్లీ ఇనుప చువ్వలవుతుంది, కొత్త ఖనిజం తవ్వే అవసరం కొంత తగ్గుతుంది. అలంగ్‌లో వేలమందికి అదే కూడు. జాగ్రత్తలు పాటిస్తే, ఆస్బెస్టాస్ ముందే తీసేస్తే, అది గౌరవమైన పనే. పట్టించుకోకుండా వదిలేస్తే ఏమవుతుందో క్లెమాన్సో తోబుట్టువు ఫోష్ చెబుతుంది. బ్రెజిల్ 2000లో కొని సావో పాలో అని పేరు మార్చుకున్న ఆ నౌకను, ఆస్బెస్టాస్ భయంతో టర్కీ కోతకు రానివ్వలేదు. 2023 ఫిబ్రవరిలో బ్రెజిల్ దాన్ని అట్లాంటిక్‌లో ముంచేసింది. ఒక దేశపు గర్వం అలా విషపు మూటగా సముద్రం పాలైంది.

పూర్తిగా దాచడానికి, పూర్తిగా కోయడానికి మధ్య ఇంకో దారి ఉంది. 1914 సెప్టెంబర్ 22న మద్రాసు మీద గుండ్లు కురిపించి, మర్నాడు కడలూరు, పుదుచ్చేరి ఎదుట కనిపించిన జర్మన్ నౌక ఎమ్డెన్ తర్వాత కీలింగ్ దీవుల దగ్గర దెబ్బతిని ఒడ్డెక్కింది. ఆ ఓడ ఇప్పుడు లేదు. దాని ఫిరంగి ఒకటి మాత్రం 1917 నుంచి సిడ్నీ హైడ్ పార్కులో ఉంది. 1805లో ఇంగ్లీషు వాళ్లు ఫ్రెంచి వాళ్ల నుంచి పట్టుకున్న డ్యూగే-ట్రూయాన్ నౌక ఇంప్లాకబుల్ పేరుతో దాదాపు ఒకటిన్నర శతాబ్దం బతికింది. బాగుచేసే డబ్బు ఇవ్వడానికి రెండు దేశాలూ వెనకాడాయి. 1949 డిసెంబర్ 2న రెండు దేశాల జెండాలూ ఎగరేసి ముంచేశారు. వెనుక భాగపు చెక్కడాలను గ్రీనిచ్ మ్యూజియంలో దాచారు.

అన్నీ చూశాక నా తీర్పు ఇది. రెండు వందల మీటర్ల విమానవాహక నౌకను ఏ ఒక్క రాష్ట్రమూ మోయలేదు. దాన్ని ఉంచాలంటే కేంద్రమే జాతీయ స్మారకంగా, నౌక విరమించడానికి ముందే, బడ్జెట్‌తో సహా నిర్ణయించాలి. ఆ ధైర్యం లేకపోతే పదిహేడేళ్లు నీళ్లలో కుళ్లబెట్టకుండా వెంటనే మర్యాదగా విప్పదీయాలి, ముఖ్యమైన భాగాలు దాచాలి. చిన్న ఓడల సంగతి వేరు. కార్వార్ తీరంలో క్షిపణి పడవ చపల్ 2006 నుంచి నేల మీద ఉంది. డయ్యూలో ఖుక్రీ నౌకను 2022లో జనం చూసేలా పెట్టారు. చిన్న ఊళ్లే ఈ పని చేసి చూపించాయి.

పుదుచ్చేరికి ఇసుక తీరం తక్కువైన మాట వాస్తవం. అరియాంకుప్పం ముఖద్వారం దగ్గర రేవు గోడలు కట్టాక ఉత్తరాన ఒడ్డు కోతకు గురై, ఊరి ముందు రాళ్ల కట్ట మిగిలింది. 2018లో సచివాలయం ఎదుట నీళ్లలో ఇనుప అడ్డుకట్ట వేశాక కొంత ఇసుక తిరిగొచ్చింది. చిన్న ఓడకు చోటు తీరం పక్కనే ఉండాలని లేదు, రేవు ఆవరణలోనైనా, ఊళ్లోపలైనా చూడొచ్చు. ఓడ మొత్తం దొరక్కపోతే లంగరు, చుక్కాని, గంట, మందుపాతరలు తొలగించే సాధనాలు అడిగి తెచ్చుకోవచ్చు. పాండిచ్చేరి అన్న పేరు మోసిన ఓడల తరానికి పుదుచ్చేరిలో ఒక గదైనా ఉండాలి.

కదిర్కామం, లాస్‌పేట, ముదలియార్‌పేట పాఠకులకు ఒక విన్నపం. ఇకముందు నౌకాదళం ఏ ఓడనైనా మన ఊరికి ఇస్తామంటే, నీళ్లలో ముంచుతామన్న పథకానికి చప్పట్లు కొట్టేముందు మూడు విషయాలు మీ ఎమ్మెల్యేని అడగండి: అది నేల మీద ఉంటుందా, ఏటా మరమ్మతు డబ్బు ఏ శాఖ ఇస్తుంది, టికెట్ ఎంత. మీ ఇంట్లో నౌకాదళంలో పనిచేసిన పెద్దలుంటే వాళ్లు ఎక్కిన ఓడల పేర్లు, సంవత్సరాలు, ఫోటోలు ఇప్పుడే రాసి భద్రం చేయండి.

వచ్చే భాగం: 1952 తుపాను విరగ్గొట్టిన పాత పీర్.